ఎదిగే చేప, ఎదగని తొట్టి

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఒదిగిన నేల కనుక గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఇక్కడి నుంచి తూర్పు తీరం చేరాలంటే రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లు దాటాలి. సొరచేప ఇక్కడి బెస్తల వలలో పడేదీ కాదు, సంతలో తూకానికి దొరికేదీ కాదు. అయినా గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో అక్వేరియం దుకాణానికి వెళ్లి ‘షార్క్’ కావాలంటే రెండంగుళాల చేపపిల్లను చూపిస్తారు. వెండి మెరుపు, వీపు మీద నిక్కిన రెక్క, క్షణం ఆగని ఆ తిరుగుడు చూసి పిల్లలు ముచ్చటపడతారు. రెండు జతలు కొని, పాలిథిన్ సంచిలో నీళ్లూ గాలీ పట్టించుకొని ఇంటికి తెస్తారు. పెరిగితే ఇది ఎంతవుతుంది అని దుకాణంలో అడిగేవారు బహు తక్కువ. పెద్ద సొరలను ఇళ్లలో పెంచడం న్యాయమా అనే చర్చ ప్రపంచంలో ఎక్కడ జరిగినా, దాని మూలంలో ఉన్నది ఈ అడగని ప్రశ్నే.

మన దుకాణాల్లో ఆ పేరుతో అమ్మే చేపల్లో అసలు సొర ఒక్కటీ లేదు. ఇరిడిసెంట్ షార్క్ అనేది ఆగ్నేయాసియాలోని మెకాంగ్, చావోప్రాయా నదులకు చెందిన జెల్ల జాతి చేప. శాస్త్రనామం పంగాసియానోడాన్ హైపోఫ్తాల్మస్. కోస్తా చెరువుల రైతులు ఫంగస్ అని పిలిచి టన్నులకొద్దీ పండిస్తున్నది దీన్నే. సిల్వర్ షార్క్, రెడ్ టెయిల్ షార్క్ బొచ్చె, రవ్వల బంధువర్గానికి చెందిన చేపలు. రెండోది అర అడుగు దాటదు. మొదటిది అడుగు దాటుతుంది. అసలు సమస్య ఫంగస్‌తోనే. సొంత నదిలో అది నాలుగు అడుగులు మించి, నలభై కిలోల వరకు పెరిగిన దాఖలాలున్నాయి.

ముందు అసలు సొర సంగతి చూద్దాం. డబ్బున్నవారు ఇంటి హాలులో, తోటలో భారీ తొట్లు కట్టించి బ్లాక్‌టిప్ రీఫ్ సొరలను, నర్స్ సొరలను పెంచడం అమెరికా, ఐరోపా, గల్ఫ్ దేశాల్లో ఉన్నదే. ఆ సరదా ఇక్కడికి చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. చేరకముందే ఆ జీవి దేహం ఎలా నడుస్తుందో తెలుసుకోవడం మంచిది.

సొరకు ఎముకలు లేవు, దేహమంతా మృదులాస్థి. చాలా చేపలకుండే గాలితిత్తి కూడా లేదు. నూనెతో నిండిన పెద్ద కాలేయం కొంత తేలికనిస్తుంది, మిగిలిన బరువును ఈదుతూ రెక్కల మీద మోయాల్సిందే. బ్లాక్‌టిప్ వంటి జాతులు ముందుకు కదులుతూ ఉంటేనే మొప్పల మీదుగా నీరు పారి ప్రాణవాయువు అందుతుంది. నర్స్ సొర, వెదురు సొర మాత్రం అడుగున పడుకొని నోటితో నీరు పీల్చి మొప్పలకు అందించుకోగలవు. ఈదే సొరల పద్ధతి ఏమిటంటే కొంతసేపు తోక ఆడించడం, ఆ ఊపుతో కొంత దూరం అలా జారిపోవడం. జారడానికి జాగా లేని తొట్టిలో క్షణక్షణానికీ మలుపు తిరగాలి. ప్రతి మలుపుకూ శక్తి ఖర్చవుతుంది, గోడకు రాసుకొని ముక్కు పుండవుతుంది.

ఇంకా సున్నితమైనది దాని విద్యుత్ జ్ఞానం. ముక్కు చుట్టూ చర్మంలో జిగురుతో నిండిన సన్నని రంధ్రాలుంటాయి. ఇటలీ వైద్యుడు స్టెఫానో లొరెంజినీ 1678లోనే వాటిని వర్ణించాడు. అవి ఎందుకున్నాయో తేలడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. ఇసుకలో దాక్కున్న చేప కండరాల నుంచి వెలువడే స్వల్ప విద్యుత్తును కూడా సొర వీటితో పసిగడుతుంది. కొన్ని జాతులు సెంటీమీటరు దూరానికి వోల్టులో కోటో వంతు కన్నా తక్కువ తేడాను సైతం గుర్తిస్తాయి. అటువంటి ఇంద్రియమున్న జీవిని మోటార్లు, హీటర్లు, దీపాల వైర్ల మధ్య రాత్రింబవళ్లు ఉంచడం ఎటువంటిదో ఊహించండి. మనకు నిశ్శబ్దంగా కనిపించే తొట్టి దానికి నిశ్శబ్దం కాదు.

పసిఫిక్ మహాసముద్రంలోని పామైరా పగడపు దీవి దగ్గర బ్లాక్‌టిప్ సొరలకు పరికరాలు కట్టి, అవి ఎంత మేర తిరుగుతాయో శాస్త్రవేత్తలు లెక్కించారు. ఒక్కో సొర తిరిగే పరిధి సుమారు అర చదరపు కిలోమీటరు అని తేలింది. సొరల్లో అతి తక్కువ తిరిగేవాటి లెక్క అది. మన కొలతలో నూట ఇరవై ఎకరాల పైమాట. ఇప్పుడు గద్వాలలో ఒక ధనికుడు పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఐదడుగుల లోతున తొట్టి కట్టించాడనుకుందాం. ఊళ్లో అందరూ వచ్చి చూసేంత పెద్దది. అందులో పట్టే నీరు సుమారు 10 వేల లీటర్లు, బరువు పది టన్నులు. ఐదారు అడుగులు పెరిగే సొరకు ఆ పొడవు తన దేహానికి రెండింతలు మించదు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయి కనుక ఒకసారి నింపడానికే 350 కిలోల ఉప్పు మిశ్రమం కావాలి. ప్రతి వారం పదో వంతు నీరు మార్చినా 35 కిలోలు కావాలి, మార్చిన ఉప్పునీరు పోయడానికి పాడుకాని నేల కావాలి. నల్లరేగడిలో మిరప, పత్తి వేసే ఊరికి ఈ ఉప్పునీటి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వేసవి మరో గండం. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. మంచినీటిలో 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీలకు ఏడున్నర మాత్రమే కరుగుతుంది. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. వేడిలో చేప జీవక్రియ మాత్రం పెరుగుతుంది, అంటే గాలి ఎక్కువ కావలసిన సమయంలోనే అది తక్కువగా దొరుకుతుంది. కరెంటు పోయి మోటారు ఆగిందంటే చేపకు ఊపిరాడకపోవడం ఒకటే కాదు, వడపోతలో అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు కూడా చస్తాయి. కరెంటు తిరిగి వచ్చాక కూడా నీటిలో విషం పెరుగుతూనే ఉంటుంది. బంధించిన సొరలకు గొంతు గ్రంథి ఉబ్బే గాయిటర్ రావడం పశువైద్యులకు తెలిసిన జబ్బు. నీటిలో అయోడిన్ తగ్గడం, నైట్రేట్ పేరుకోవడం దానికి కారణాలు. మామూలు చేపల పరాన్నజీవులకు వాడే రాగి మందు వేస్తే సొర ప్రాణం మీదికే వస్తుంది.

డబ్బూ నిపుణులూ ఉంటే ఇవన్నీ అధిగమించవచ్చని కొందరంటారు. కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం అనుభవం చూడండి. 2004లో అక్కడ ఒక గ్రేట్ వైట్ సొరపిల్లను దాదాపు 38 లక్షల లీటర్ల తొట్టిలో 198 రోజులు ఉంచి, సముద్రంలో వదిలారు. ఆ తర్వాత మరో ఐదింటిని తెచ్చారు. 2011లో చివరిది వదిలిన కొద్దిసేపటికే చనిపోయింది. ఆ ప్రయత్నాన్ని అంతటితో మానుకున్నారు. జపాన్‌లోని ఒకినావా చురౌమి అక్వేరియంలో 2016 జనవరిలో మూడున్నర మీటర్ల గ్రేట్ వైట్ సొర మూడు రోజులకే మరణించింది. శాస్త్రవేత్తలూ వైద్యులూ సముద్రం పక్కనే ఉన్న సంస్థల సంగతే ఇది. ఇంటి హాలులో పెద్ద సొరను పెంచడం తప్పు. ఎంత తొట్టి అయితే సరిపోతుంది అనే బేరానికి ఇక్కడ చోటు లేదని నా దృఢాభిప్రాయం.

అందుకు భిన్నంగా, సొరల మేలుకు తొట్లు ఉపయోగపడిన ఉదాహరణ కూడా చెప్పాలి. ఇండోనేషియాలోని రాజా అంపట్ సముద్రంలో దాదాపు కనుమరుగైన జీబ్రా సొరలను తిరిగి నింపడానికి, వివిధ దేశాల ప్రజా అక్వేరియంలలో పెట్టిన గుడ్లను అక్కడికి పంపి, పొదిగించి, 2023 నుంచి పిల్లలను సముద్రంలో వదులుతున్నారు. ఆ సంస్థల దగ్గర ప్రతి సొర వంశవృక్షం, జన్యు సమాచారం ఉన్నాయి, వదిలే చోట కాపలా ఉంది. ఇంటి తొట్టిలో పెరిగిన ఒంటరి సొరకు వీటిలో ఏదీ లేదు. సంరక్షణ పేరు చెప్పి దాన్ని సమర్థించడం సరికాదు.

ఇక మన దుకాణపు షార్క్ దగ్గరికి వద్దాం. ఫంగస్ చేప మెకాంగ్‌లో గుంపులుగా బతుకుతుంది. వానలకు నది పొంగే వేళ వందల కిలోమీటర్లు ఎదురీది గుడ్లు పెడుతుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకి వచ్చి గాలి మింగి, గాలితిత్తితోనే శ్వాసిస్తుంది. ఆ శక్తే దానికి శాపమైంది. మురికినీటిలో మరో చేప చచ్చి తేలే చోట ఇది బతికి ఉంటుంది. బతికి ఉంది కాబట్టి బాగుందనుకుంటాం. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టిలో పట్టేది సుమారు 127 లీటర్లు. అందులో ఈ చేప తన పూర్తి ఎదుగుదలతో తిన్నగా ఒళ్లు చాపుకొని ఉండటం కూడా సాధ్యం కాదు. పిరికి స్వభావం కలది, చూపు మందం. తలుపు గట్టిగా పడినా, దీపం హఠాత్తుగా వెలిగినా బాణంలా దూసుకుపోయి గాజుకు కొట్టుకుంటుంది. ముట్టె చిట్లిన చేపలు అందుకే కనిపిస్తాయి.

తొట్టి ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుంది, భయం లేదు అని అమ్మేవారు చెబుతుంటారు. ఇది శాస్త్రానికి నిలవని మాట. పెరుగుదల మందగించడం నిజమే. అయితే అది నీటిలో వ్యర్థాలు పేరుకోవడం, ఎడతెగని ఒత్తిడి, కదలిక లేకపోవడం వల్ల జరిగేది. సరిపడా తిండి, చోటు లేక గిడసబారిన పిల్లవాడిని చూసి ఇంటికి తగ్గట్టు పెరిగాడని ఎవరూ సంతోషించరు. పదేళ్లు, అంతకంటే ఎక్కువ బతకగల చేప రెండేళ్లకే చనిపోతే ఆయుష్షు తీరిందనుకుంటాం. చేప చనిపోతే ఇంటి కీడు దానితో పోయిందని నమ్మేవారు కూడా మనలో ఉన్నారు. ఆ నమ్మకం ఎవరి మనసునూ నొప్పించాలని కాదు కానీ, అది చావుకు కారణం వెతకనివ్వదు. కారణం దాదాపు ప్రతిసారీ నీటిలోనే ఉంటుంది.

ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. చెరువుల్లో లక్షల ఫంగస్ చేపలను పెంచి తినేవాళ్లం, తొట్టిలో ఒక్కదాని గురించి ఇంత బాధపడటం ఎందుకు? నేను దీన్ని తేలిగ్గా తోసెయ్యను. చెరువు చేప ఎకరాల నీటిలో, తన గుంపుతో, పది నెలలో ఏడాదో పెరిగి, ఒకరి ఆకలికో జీవనోపాధికో ఉపయోగపడుతుంది. చెరువుల్లో కిక్కిరిసి పెంచే పద్ధతుల మీద కూడా ప్రశ్నలున్నాయి, అవి అడగవలసినవే. కానీ తొట్టి చేపను బంధించేది మన కంటి ముచ్చట కోసం, దానికి కాలపరిమితి లేదు. అవసరం ఎంత చిన్నదైతే కలిగించే బాధను అంత గట్టిగా నిలదీయాలి. ఇంకో సంగతి మనసును కలచివేస్తుంది. చెరువుల్లో కోట్లలో ఉన్న ఇదే జాతి తన పుట్టిన మెకాంగ్‌లో అంతరించే ప్రమాదంలో ఉన్నట్టు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నమోదు చేసింది.

చేపకు బాధ తెలుస్తుందా? 2003లో లిన్ స్నెడన్, ఆమె సహశాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్ చేపల తల మీద హానిని గుర్తించే నాడీగ్రాహకాలను కనుగొన్నారు. పెదవికి ఎసిటిక్ ఆమ్లం ఎక్కించిన చేపలు మేత మానేశాయి, ఊపిరి వేగం పెరిగింది, పెదవులను గులకరాళ్లకు రుద్దుకున్నాయి. మార్ఫిన్ ఇస్తే ఆ ప్రవర్తన తగ్గింది. చేప మెదడు నిర్మాణం చూపి ఇది మనం అనుకునే నొప్పి కాదని వాదించే శాస్త్రవేత్తలున్నారు. సొరల్లో ఆ రకం నాడీతంతువులు చాలా తక్కువగా కనిపించడం వారి వాదనకు కొంత బలం. అయితే సొరకు నేర్చుకునే శక్తి ఉందనడంలో సందేహం లేదు. అమెరికా శాస్త్రవేత్త యూజినీ క్లార్క్ 1950ల చివర్లోనే లెమన్ సొరలకు ఒక పలకను ముక్కుతో నొక్కితే మేత దొరుకుతుందని నేర్పింది. నేర్చుకొని గుర్తుంచుకోగల జీవి విషయంలో అనుమానం మిగిలితే, ఆ అనుమానపు లాభం ఆ జీవికే చెందాలి.

మన చట్టం కొంతవరకు ఇదే చెబుతోంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదాన్నీ జంతువుగానే లెక్కిస్తుంది, చేప సహా. పదకొండో సెక్షన్ ప్రకారం, కదలడానికి తగిన ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులోనో మరే పాత్రలోనో జంతువును ఉంచడం నేరం. అంటే ఇరుకు తొట్టి కూడా నేరమే. కాని మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్ల కిందటి ఆ అంకెతో ఈ రోజు చేపకు వేసే మేత డబ్బా కూడా రాదు. 2017 మేలో కేంద్రం అక్వేరియం దుకాణాలకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది, తర్వాత ఉపసంహరించుకుంది. సొరల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. తిమింగల సొరకు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చోటు దక్కింది. 2021 డిసెంబరులో విశాఖ సమీపంలోని తంతడి తీరంలో వలలో చిక్కిన తిమింగల సొరను మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. బ్లాక్‌టిప్ ఉన్న కుటుంబం మొత్తాన్నీ 2022లో పనామాలో జరిగిన వన్యజీవుల వ్యాపార ఒప్పందం ‘సైటీస్’ సమావేశం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చింది. అదే ఏడాది మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి జరిగిన సవరణ, నాలుగో షెడ్యూలులో ఉన్న విదేశీ జీవులను ఇంట్లో ఉంచుకునేవారు ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలంటోంది. ఫంగస్ చేపకు ఈ కాపుదల లేదు.

తొట్టిలో పట్టని చేపను జనం ఏం చేస్తారన్నది నడిగడ్డకు అసలు గండం. చంపడానికి చేతులు రావు. నదిలో వదిలితే పుణ్యమనుకుంటారు. బీచుపల్లి రేవులోనో, జూరాల ఆనకట్ట దగ్గరో, అలంపురం పక్కన తుంగభద్రలోనో వదిలేస్తారు. ఆ జాలిని నేను తప్పుపట్టను, కానీ దాని ఫలితం క్రూరమైనది. శ్రీశైలం వెనుక జలాల నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల నీరు నాగర్‌కర్నూల్ చెరువులకు చేరుతోంది. జూరాల నీరు భీమా, నెట్టెంపాడు పథకాల ద్వారా వనపర్తి, గద్వాల చెరువులు నింపుతోంది. ఈ కాలువల వల్ల ఒకచోట వదిలిన జీవి ఎంత దూరమైనా పోగలదు. ఆ చేప గుడ్లు పెట్టకపోయినా సరే, తొట్టిలోని పరాన్నజీవులు, రోగాలు దానితోపాటే నదిలోకి దిగుతాయి.

ఇది ఊహాభయం కాదు. అక్వేరియం గాజుకు పట్టిన పాకుడు తింటుందని కొన్న సక్కర్ చేపను జనం చెరువుల్లో వదిలారు. జాలర్లు దాన్ని దయ్యం చేప అంటున్నారు. గట్టి పెంకు, ముళ్ల రెక్కలతో వలలు చింపేస్తుంది, అమ్ముదామంటే కొనేవాడుండడు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్‌ఏ జాడలను పరీక్షించి, తూర్పు కనుమల నీటి వనరుల్లో సుమారు 60 శాతం దాకా ఇది పాకిందని తేల్చారు. ఇక ఫంగస్‌కు బంధువైన పంగాసియస్ చేప ఒకటి కృష్ణకు సొంతంగా ఉంది. నాగార్జునసాగర్ జలాశయంలో దొరికిన చేపలను పరిశీలించి, 2017లో దాన్ని కొత్త జాతిగా వర్ణించి, ప్రసిద్ధ మత్స్య శాస్త్రవేత్త ఇ.జి. సైలస్ గౌరవార్థం పంగాసియస్ సైలసీ అని పేరుపెట్టారు. మన నదిలో మన కళ్లముందు తిరిగే చేపకు పేరు పెట్టడానికే 2017 దాకా పట్టింది. దాని జీవితం గురించి తెలుసుకునేలోపే పరాయి బంధువును, పరాయి రోగాలను దాని ఇంట్లోకి తోలడం అన్యాయం. వాలుగ, కొర్రమీను, జెల్లల మీద బతికే జూరాల జాలరి కుటుంబాలకు కూడా ఇదే అన్యాయం.

పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. మన ప్రాంతపు నీటికి, ఎండకు, మామూలు ఇంటి తొట్టికి సరిపడే చిన్న చేపలేవో ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి దుకాణాలకు పంచమని ఆ కళాశాల అధ్యాపకులను, విద్యార్థులను కోరుతున్నాను. మన వాగుల్లో తిరిగే చిన్న పరకల్లో కూడా తొట్టికి పనికివచ్చే అందమైనవి ఉన్నాయి. దుకాణదారులు ప్రతి తొట్టి మీద ధరతో పాటు ఆ చేప పూర్తిగా ఎదిగితే ఎన్ని అడుగులు ఉంటుందో రాయాలి. ఖర్చేమీ కాదు, ఒక చీటీ చాలు. కొనేవారు ఆ అంకె చూసి, తమ తొట్టి పొడవు చూసి, అప్పుడు డబ్బు తీయాలి.

ఇప్పటికే ఇంట్లో పెద్ద ఫంగస్ ఉన్నవారు దుకాణదారుడిని వెనక్కి తీసుకోమని అడగండి. వీలుకాకపోతే గట్టు కట్టుదిట్టంగా ఉన్న చెరువులో వీటినే పెంచే రైతును, మత్స్యశాఖ కార్యాలయాన్ని సంప్రదించండి. తొట్టిలో మలకైట్ గ్రీన్ వంటి మందులు వేసి ఉంటారు కనుక కూరకు వాడకండి. చేప కోలుకోని స్థితిలో ఉంటే బాధ లేకుండా ముగించే మార్గం పశువైద్యుడు చెబుతాడు. జూరాలలో, తుంగభద్రలో, ఊరి చెరువులో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి.